ఉప్పు మోసిన మాస్టారు

ఆన్సెల్మ్ వెర్నాద్ మాస్టారు, సముద్రపొడ్డున ఉప్పు పండించే మా కెర్లెవాన్ ఊరి బడిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశారు. ఆయన చేతి కింద నూట ఇరవై ఏడుమంది పిల్లలు బడి చదువు ముగించే పట్టా పరీక్షకు కూర్చుంటే నూట పందొమ్మిదిమంది గట్టెక్కారు. చుట్టుపక్కల ఏడూళ్ళలో ఇంకే బడికీ ఈ లెక్క లేదు. వాళ్ళలో ఇద్దరు ఓడ కెప్టెన్లయ్యారు. ఒకడు నాంత్ నగరంలో పశువుల డాక్టరు. నలుగురు ఆడపిల్లలు టీచర్లయ్యారు. బడి వెనక మంచినీళ్ళ బావి తవ్వించింది ఆయనే. బీరువాలో రెండువందల పన్నెండు పుస్తకాలు కూడబెట్టిందీ ఆయనే. బడిలో సర్కారు భాష కాకుండా ఇంటి భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో కొయ్యముక్క వేలాడదీసే శిక్ష ఒకటి ఉండేది. మాస్టారు వచ్చిన రెండో ఏడాది చలికాలంలో ఆ కొయ్యముక్కను పొయ్యిలో పెట్టి పిల్లలకు చలి కాచారు. ఆయన కాలంలో నలుగురు ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూసి నలుగురూ మెచ్చుకునే రాశారు. మూడో ఆయన మాత్రం కిటికీ అద్దాలు మురికిగా ఉన్నాయని కూడా రాశాడు. మర్నాటికల్లా అవి తళతళలాడాయి.

ఇన్ని చేసిన మనిషి పేరెత్తితే మా ఊళ్ళో ఎవరైనా ముందు చెప్పేది మాత్రం ఆయన నాలుగు రోజులు నెత్తిన ఉప్పు మోసిన సంగతే. చెప్పుకోదగ్గదే అది. ఆయన దగ్గర చదువుకున్న ఫిలొమేన్ లెహ్యూదె రాసిన పద్యాల పుస్తకాలు నాలుగు పారిస్‌లో అచ్చయ్యాయి. మా మేయరు కచేరీ గోడమీద ఆమె ఫొటో వేలాడుతోంది. ఆ నాలుగు రోజులే లేకపోతే ఆ నాలుగు పుస్తకాలూ లేవు.

మాస్టారిది ఈ ఊరు కాదు. ఎక్కడో కొండల్లో తాపీ పనివాళ్ళ ఇంట పుట్టి, ఇరవై నాలుగేళ్ళ వయసులో, పద్దెనిమిది వందల ఎనభై ఒకటిలో ఇక్కడికి వచ్చారు. అన్ని ఊళ్ళలోలాగే బడి పనితోపాటు మేయరు కచేరీ గుమాస్తా పనీ ఆయన నెత్తినే పడింది. జనన మరణాలు రాయడం, ఉత్తరాలు చదివి పెట్టడం, గట్ల తగాదాలు విని సర్ది చెప్పడం. భార్య లియొనీ మాటకారి. ఊరివాళ్ళు ఆయన్ని గౌరవించేవారు, ఆవిడతో మాట్లాడేవారు.

బడిలో ఒక ఉమ్మడి నోటుబుక్కు ఉండేది. ప్రతిరోజూ ఒక్కో పిల్ల వంతు వస్తుంది. ఆ రోజు పాఠాలన్నీ ఆ పిల్ల అందులో రాయాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి మొదట అడిగేది ఆ పుస్తకమే. పేజీలకు అంకెలుంటాయి కాబట్టి చింపడానికి వీల్లేదు. పద్దెనిమిది వందల తొంభై ఆరు మార్చిలో ఫిలొమేన్ వంతు వచ్చింది. ఆ రోజు వ్యాసం 'మా ఇంట్లో పనికొచ్చే వస్తువు'. అంతకుముందు ఆ విషయం మీద కెటిల్ గురించి, చీపురు గురించి చాలామంది రాశారు. పన్నెండేళ్ళ ఫిలొమేన్ ఉప్పు మోసే కొయ్యబాన గురించి రాసింది. అదీ పన్నెండు పాదాల పద్యంగా రాసింది.

బాన తలమీద, చూపు ముందుకే.
కాలికింది గట్టు నాకు తెలుసు, గట్టుకి నేను తెలుసు.

అలా మొదలైంది. మాస్టారు రెండుసార్లు చదివారు. ఎక్కడినుంచో ఎత్తి రాసిందేమోనని ఆ సాయంత్రం బీరువాలోని పద్యాల పుస్తకాలన్నీ తిరగేశారు. దొరకలేదు. మర్నాడు పిల్లను పిలిచి ఎలా రాశావని అడిగారు.

"నడుస్తూ కడతానండి," అంది ఫిలొమేన్. "బాన నెత్తిన ఉంటే తల తిప్పకూడదు, కిందికి చూడకూడదు. ఇంక చెయ్యడానికేం ఉంటుందండీ. లోపల ఏదో ఒకటి చేసుకోవాలి కదా."

ఆ మాటకు మాస్టారు నవ్వలేదు. ఆమెకు వచ్చింది ఆయనకు రాదని ఆయనకు తెలుసు. అదే ఆయన గొప్పతనం అంటాను. ప్రతి గురువారం బడికి సెలవు. ఆ పూట ఫిలొమేన్ మాస్టారింటికి వెళ్ళేది. లియొనీతో కలిసి పెరట్లో కలుపు తీసి, అట్లూ ఉప్పు వెన్నా తిని, ఆ తరవాత వంటింటి బల్లదగ్గర తను కట్టింది చదివి వినిపించేది.

"నాకు కవిత్వం తెలియదమ్మా," అని మొదటి గురువారమే చెప్పేశారు మాస్టారు. "మా నాన్న గోడలు కట్టేవాడు. గోడమీద చెయ్యి పెట్టి ఏ రాయి కదులుతోందో చెప్పేవాడు. నువ్వు చదువు. నాకు ఎక్కడ కదులుతున్నట్టనిపిస్తే అక్కడ చెప్తాను."

అలా నాలుగు నెలలు గడిచాయి. ఆయన కొట్టేయమన్న మాటల్ని ఆమె కొట్టేసేది. ఉపమానాలు కుప్పలుగా పోస్తే ఒక్కటి ఉంచి మిగతావి తీసేయమనేవారు. చూడనిదాని గురించి రాయొద్దనేవారు. ఒక్కచోట మాత్రం ఆమె లొంగలేదు. బాన పద్యంలో ఏడో పాదం మిగతావాటికంటే పొట్టిగా ఉందని, రెండు మాటలు చేర్చమని ఆయన పట్టుబట్టారు. చేరిస్తే పడిపోతానండి అంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది.

నాంత్‌లో ఆడపిల్లల పై చదువు బడి ఉంది. స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గితే మూడేళ్ళు తిండీ బసా ఉచితం. ఆ తరవాత మరో మూడేళ్ళు టీచర్ల శిక్షణ. పదమూడేళ్ళు దాటితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఫిలొమేన్‌కు ఫిబ్రవరిలో పదమూడు నిండుతాయి. అంటే ఆ జులై ఒక్కటే అవకాశం. అది తప్పితే పెళ్ళయ్యేదాకా బాన, పెళ్ళయ్యాక మళ్ళీ బాన. మాస్టారు దరఖాస్తు పంపారు. ఫిలొమేన్ తండ్రి మతురేన్‌కు చెప్పారు. అతను ఉప్పు ఎలా పండుతుందో చూసి చెబుతానన్నాడు.

అప్పుడే మాస్టారు తప్పు చేశారు.

మా ఉప్పు మళ్ళ మీద ఒక కట్టుబాటుంది. జూన్ చివర వచ్చే యోహాను పండగ నుంచి సెప్టెంబరు చివర మిఖాయేలు పండగ దాకా, ఉప్పు పండే రోజుల్లో, వాన పేరు ఎవరూ ఎత్తరు. తప్పనిసరైతే 'ఆవిడ' అంటారు. ఆవిడొచ్చేట్టుందంటే అందరికీ అర్థమవుతుంది. ఒక్క వాన పడితే మడిలో రెండు వారాల ఎండ కరిగిపోతుంది మరి. మాస్టారికి ఈ సంగతి తెలియక కాదు. పదిహేనేళ్ళుగా వింటున్నారు. అది వట్టి పిచ్చి నమ్మకమని, దాన్ని పోగొట్టడానికే బడి ఉందని ఆయన అభిప్రాయం. జూన్ ఇరవై ఎనిమిది, ఆదివారం, బడి పండగ. ఫిలొమేన్ కొత్తగా వాన మీద ఒక పద్యం కట్టింది. అది అన్నిటికంటే మంచిదని ఆయనకు తోచి, ఊరందరి ముందూ చదవమన్నారు. ఆ పిల్ల వేరేది చదువుతానని రెండుసార్లు అంది. ఆయన వినలేదు.

వానా, మా ఇంటికి పిలవని చుట్టానివి,
వచ్చి మా అమ్మ తెల్లటి పనంతా కడిగిపోతావు.

రెండో పాదానికే బెంచీలమీద ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకోవడం మొదలైంది. ఉప్పు మోసే ఆడవాళ్ళకు, అంటే మోతకత్తెలకు, పెద్ద అయిన మరిజాన్ అవ్వ లేచి వెళ్ళిపోయింది. పద్యం అయ్యాక ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మాస్టారు ఒక్కరే కొట్టారు.

గురువారం పడమటి గాలి తిరిగింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మళ్ళన్నీ చెరువులయ్యాయి. గట్లమీద పోగులు పెట్టి ఇంకా మొయ్యని ఉప్పు కూడా కరిగిపోయింది.

ఆ ఆదివారం లియొనీ అట్టు తిరగేస్తూ అంది, "పదిహేనేళ్ళు వాళ్ళ ఉప్పు తిన్నారు. వాళ్ళ భయం ఏంటో తెలీలేదా మీకు?"

"వాన పద్యం వల్ల రాదు, లియొనీ."

"నాకు చెప్పకండి. నేనేం ఉప్పు మొయ్యట్లేదు."

ఆయన చాకిరేవుకు వెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళందరూ ఉంటారని వెళ్ళారు. పద్యం ఎంచింది తనేనని, చదవమంది తనేనని, పిల్ల తప్పేమీ లేదని చెప్పారు. మరిజాన్ అవ్వ దుప్పటి పిండుతూ విన్నది.

"అయితే వాన ఆ పద్యం వల్ల వచ్చిందంటావా, కాదంటావా?"

"కాదవ్వా. పడమటి గాలి వల్ల వచ్చింది."

"పడమటి గాలి ఎవరి వల్ల వచ్చింది?"

"అది నాకు తెలీదు."

"తెలీనప్పుడు కాస్త ఊరుకోవాలి బాబూ," అంది అవ్వ. మిగతా ఆడవాళ్ళు నవ్వారు. అయితే మంచి నవ్వు కాదది.

ఇకమీదట బడి పండగ యోహాను పండగకు ముందే చేస్తానని ఆయన మాటిచ్చారు. ఆడవాళ్ళు ఆ మాట పుచ్చుకున్నారు కానీ, ఆ ఏడు ఫిలొమేన్ ఉన్న గట్టుమీద మేం నడవం అని తేల్చేశారు. మోతకత్తెలు ఒకరి మడికి ఒకరు సాయం వెళ్ళడం మా రివాజు. ఆ పిల్ల మూలంగా మతురేన్ మడికి ఎవరూ రాకుండాపోయారు. అతని భార్య పెరిన్‌కు మోకాలు వాచి ఉంది. గట్టుదాకా వచ్చి కూర్చోగలదు, అంతే. మతురేన్ ఇంటికెళ్ళి కూతురి కాగితాలన్నీ తీసి అటకమీద పడేశాడు. ఇంట్లో ఇక పద్యం మాట వినపడకూడదన్నాడు.

తూర్పు గాలి మళ్ళీ అందుకుంది. జులై పద్దెనిమిదికల్లా మడిలో ఉప్పు తెల్లగా పేరుకుంది. సాయంత్రాలు మతురేన్ పొడుగు కర్రకు బిగించిన చెక్కపలకతో ఉప్పు లాగి గుండ్రటి దిబ్బలమీద పోగేస్తున్నాడు. ఆ పోగుల్ని గట్టు చివర పెద్ద రాశికి చేర్చాలి. నలుగురు మొయ్యాల్సిన ఉప్పుని ఫిలొమేన్ ఒక్కతే మోస్తోంది. నాంత్‌లో పరీక్ష మంగళ, బుధవారాలు. సోమవారం బయల్దేరితే గురువారానికి తిరిగి రావచ్చు.

శనివారం సాయంత్రం మాస్టారు మడికి వెళ్ళారు. తప్పు తనదేనని మొదలుపెట్టారు.

"ఆ ముక్క ఊరంతా అంటోంది," అన్నాడు మతురేన్, పలక లాగుతూనే. "మీరూ అంటే కొత్తగా పండేదేం లేదు."

"పిల్లని పరీక్షకి పంపు, మతురేన్."

"మోసేదెవరు? మీ నోటుబుక్కా?"

"నేను మోస్తాను. నాలుగు రోజులూ. బడికి ముందూ, బడి అయ్యాకా."

అతను పలక ఆపాడు. మా మళ్ళలో మగవాడు ఉప్పు లాగుతాడు, ఆడది మోస్తుంది. మగవాడి నెత్తిన బాన ఎవరూ చూడలేదు.

"మా తాత కూడా చూళ్ళేదిలాంటిది. మిమ్మల్ని చూసి నవ్వుతారు."

"నవ్వనీ."

"మీకేం మాస్టారూ, నవ్వేది నా మడిలో." మళ్ళీ పలక అందుకున్నాడు. "పరీక్ష రాసి రానీ. అంతవరకే. చదువు సంగతి నేనేం ఒప్పుకోలేదు."

సోమవారం తెల్లవారుతుండగా లియొనీ ఫిలొమేన్‌ను వెంటబెట్టుకుని రైలెక్కింది. అదే వేళకు మాస్టారు కాళ్ళు కడుక్కుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, దిబ్బదగ్గర నిలబడ్డారు. పెరిన్ ఆయన నెత్తిన చుట్టకుదురు పెట్టింది. మతురేన్ బాన నింపి ఎత్తాడు. పాతిక కిలోల పైమాటే. గట్టు మూరెడు వెడల్పు. అటూ ఇటూ నీళ్ళు.

పది అడుగులు వేశారు. కాళ్ళు చూసుకున్నారు. బాన జారి మడిలో పడింది.

మతురేన్ బానను నీళ్ళలోంచి తీసి మళ్ళీ నింపాడు.  పెరిన్ గట్టుమీద కూర్చునే చెప్పింది, కాళ్ళు చూడొద్దు మాస్టారూ, రాశి కొసకేసి చూడండి, ఆగొద్దు, నడవడం కాదు చిన్న పరుగులా పోవాలి అని. రెండో బాన చేరింది. ఏడున్నరకల్లా పదకొండు బానలు చేరాయి. ఎనిమిదింటికి బడిలో లెక్కలు చెబుతుంటే మెడ తిప్పలేకపోయారు. ప్రశ్న అడిగిన పిల్లవైపు ఒళ్ళంతా తిప్పి చూశారు.

సాయంత్రానికి పక్క మళ్ళ గట్లమీద మోతకత్తెలు పనిలేకపోయినా వచ్చి చేరారు.

"ఏమ్మా మాస్టారమ్మా, గౌను ఏ రంగు కుట్టించమంటావు?" అంది ఒకతె.

"నెమ్మది తల్లీ, ఇన్‌స్పెక్టరు చూస్తాడు," అంది ఇంకొకతె.

 జవాబిస్తే బాన పడిపోతుందని ఆయనకు భయం. ఆ రోజు మొత్తం ఇరవై నాలుగు. మంగళవారం ముప్ఫై ఒకటి. అరికాళ్ళు ఉప్పుకు పగిలాయి. బుధవారం పొద్దున పగుళ్ళకు వెన్న రాసుకుని వచ్చారు. ఆ పూట మరిజాన్ అవ్వ తన బాన పట్టుకుని మతురేన్ మడిలోకి దిగింది. ఎవరూ పిలవలేదు. మాస్టారి నెత్తిమీద చుట్టకుదురు తీసి రెండు వేళ్ళంత వెనక్కి జరిపింది.

"ఎవరు పెట్టారిది? మెడ విరుగుద్ది. నా వెనకే రా. నేను పీల్చినప్పుడు పీల్చు, వదిలినప్పుడు వదులు."

డెబ్భై ఏళ్ళ మనిషి ముందు, ముప్ఫై తొమ్మిదేళ్ళ మాస్టారు వెనక. అలా ఆరు విడతలు వెళ్ళాక ఆయనకు ఒకటి తెలిసింది. దిబ్బనుంచి రాశికి పన్నెండు ఊపిర్లు. ఫిలొమేన్ పద్యం పన్నెండు పాదాలు. ఏడో ఊపిరి దగ్గర గట్టు తెగి, కాలవమీద చెక్క వేసి ఉంది. అక్కడ అవ్వ ఊపిరి బిగబట్టి రెండే అడుగుల్లో దాటేసింది. మాస్టారు చెక్క దాటి నిలబడిపోబోయి, వెనకనుంచి పెరిన్ కేకేస్తే మళ్ళీ కదిలారు. పొట్టిగా ఉన్న ఏడో పాదానికి రెండు మాటలు చేర్చమని నెలరోజులు పోరింది తనే. ఆ సాయంత్రం కచేరీలో కూర్చుని, ఉమ్మడి నోటుబుక్కులో ఆ పద్యం పక్కన తను ఎర్రసిరాతో రాసిన మాటను కొట్టేసి, కింద 'పిల్ల రాసిందే సరి' అని సంతకం పెట్టారు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. నేను చూశాను.

గురువారానికి మోతకత్తెలు ఐదుగురయ్యారు. దిబ్బలన్నీ ఖాళీ అయ్యాయి. నాలుగు రోజుల్లో మాస్టారు మోసింది నూట పద్నాలుగు బానలు, పడేసింది మూడు. ఊళ్ళో ఈ అంకె తెలియనివాడు లేడు.

ఫిలొమేన్ ఆ సాయంత్రమే వచ్చింది. మాస్టారు పరీక్షలో ఏమడిగారని అడిగారు. మీ నాన్న చేసే పనిని వర్ణించండి అన్నారట.

"పద్యంగా రాశావా?"

"లేదండి. వచనంగా రాయమన్నారు. వచనంగానే రాశాను." అంది ఫిలొమేన్. "నడవనివ్వలేదండి వాళ్ళు. కూర్చోబెట్టే రాయించారు. బల్లకింద కాళ్ళు ఆడించుకున్నాను."

ఆమె ఆయన కాళ్ళకేసి చూసింది.  మర్నాడు పొద్దున తన బాన తను ఎత్తుకుంది.

ఫలితం ఆగస్టు మొదటి శనివారం టపాలో వచ్చింది. కచేరీ ఉత్తరాలు విప్పేది మాస్టారే కాబట్టి ముందు ఆయనే చూశారు. నలభై ఒక్కమందిలో ఏడోది. స్కాలర్‌షిప్పులు తొమ్మిది. కింద తండ్రి సంతకం పెట్టాల్సిన కాగితం. సంతకం లేకపోతే ఆ చోటు పదోపిల్లకు పోతుంది. ఆయన తలుపు తాళం వేసి, కాగితం, కలం, సిరాబుడ్డి పట్టుకుని మళ్ళదాకా నడిచారు. దారిలో ఎవరు పలకరించినా ఆగలేదు.

మతురేన్ పలక లాగుతున్నాడు. పెరిన్, ఫిలొమేన్ దిబ్బదగ్గర ఉన్నారు. మాస్టారు ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు. మతురేన్ పలక ఆపలేదు. లాగిన ఉప్పు ఒడ్డుకు చేరేదాకా ఆగి అడిగాడు.

"ఎన్నేళ్ళు?"

"మూడు. ఆ తరవాత మూడు."

"ఆరు." ఇంకో వరస లాగాడు. "జులైలో ఇంటికి పంపుతారా?"

"పంపరు. ఆగస్టులో పంపుతారు."

"అంటే సగం పంట అయిపోయాక."

"అవును."

అబద్ధం చెప్పి ఒప్పించే మనిషి కాడు మాస్టారు. ఫిలొమేన్ బాన అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. తండ్రికేసి కాకుండా నీళ్ళకేసి చూసింది. పెరిన్ ఏదో అనబోతే మతురేన్ ఆగమని చెయ్యి చూపాడు.

"నాంత్‌లో ఈ పద్యాలూ అవీ రాయనిస్తారా దీన్ని?"

"రాయనివ్వకపోయినా రాస్తుంది."

"అది నాకూ తెలుసు. అటకమీద పడేసినా రాసింది. గోడమీద బొగ్గుతో."

ఈ సంగతి మాస్టారికి తెలియదు. మతురేన్ పలకను గట్టుమీద అడ్డంగా పెట్టి, చేతులు చొక్కాకు తుడుచుకుని, కాగితం పుచ్చుకుని, రాయి మీద పెట్టి తన పేరు రాశాడు. నిదానంగా, ఒక్కో అక్షరం. అతను ఏ బడిలోనూ చదువుకోలేదు. సంతకం మాత్రం, ఫిలొమేన్ పుట్టుక కచేరీలో రాయించిన రోజున మాస్టారు నేర్పించిందే. రాసి, కాగితం వెనక్కి ఇచ్చి, భార్యవైపు తిరిగాడు.

"మా తాత ఓడ ప్రయాణాలకి పట్టుకెళ్ళిన పెట్టె ఉంది కదా. అందులో బఠాణీలు పోశావు. ఖాళీ చెయ్యి."